"నిలిచిపోయే పని" గురించి అడిగారు కదా, చెన్నైలో పాత ట్రస్టుల లెక్కలు చూసిన అనుభవంతో చెప్తున్నా

మీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి నాకర్థమైనంతలో ముందు రెండు ముక్కల్లో చెప్తా. మీరు చెన్నైలో ఐటీ కంపెనీలుండే ఓఎమ్ఆర్ రోడ్డులో సాఫ్ట్‌వేర్ జాబ్, నలుగురు ఫ్రెండ్స్ కలిసి ఆదివారాలు అపార్ట్‌మెంట్ సైట్ల దగ్గర రేకుల షెడ్లలో ఉండే మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళ పిల్లలకి చదువు చెప్తున్నారు, ఇప్పుడు మీ తాతగారి పేరు మీద ట్రస్ట్ పెట్టి ఇది కలకాలం నడిచేలా చెయ్యాలని ఉంది. కానీ మీలో ఒకరు "నిలిచేది గొప్పవాళ్ళు చేసిన పనే, మనది నాలుగేళ్ళ తర్వాత ఎవరికీ గుర్తుండదు" అన్నారు, ఇంకొకరు "మనిషితో పని లేదు, ఐడియా గట్టిదైతే అదే బతుకుతుంది" అన్నారు. ఎవరు కరెక్టో చెప్పమన్నారు.

నేను చెన్నైలో ఆడిటర్ ని, తెలుగు కుటుంబం, మావాళ్ళు తరాల క్రితం నెల్లూరు వైపు నుంచి వచ్చి జార్జ్‌టౌన్ లో స్థిరపడ్డారు. నా ప్రాక్టీసులో సగం పైన చారిటబుల్ ట్రస్టులు, సొసైటీలు, ధర్మసత్రాలు, స్కాలర్‌షిప్ ఫండ్ లు. వీటిలో వందేళ్ళ క్రితం పెట్టి ఇవాళ్టికీ రోజూ పని చేస్తున్నవి ఉన్నాయి, పేరు, బిల్డింగ్, బ్యాంకులో డబ్బు అన్నీ ఉండి ఎప్పుడో ప్రాణం పోయినవీ ఉన్నాయి. ఈ రెండు రకాల ఫైళ్ళూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే వ్యవస్థాపకుడి గొప్పతనంలో పెద్ద తేడా కనపడదు. ఐడియాలో కూడా కనపడదు. నాకు కనపడిన తేడా ఒక్కటే: ఆ పని రేపు ఆగిపోతే "ఏమైంది, ఎందుకు ఆపారు" అని గట్టిగా అడిగేవాళ్ళు ఉన్నారా లేరా. అడిగేవాళ్ళున్న పని నిలిచింది. మెచ్చుకునేవాళ్ళు మాత్రమే ఉన్న పని మెచ్చుకున్నవాళ్ళతో పాటే పోయింది.

ఊరికే సిద్ధాంతంలా చెప్తే నమ్మరు కాబట్టి ఈ ఊళ్ళోనే జరిగినవి చెప్తా.

మధ్యాహ్న భోజనం తీసుకోండి. స్కూల్లో పిల్లలకి అన్నం అనగానే కామరాజ్, ఎంజీఆర్ గుర్తొస్తారు, అందులో తప్పేం లేదు. కానీ మద్రాసులో అది మొదలైంది 1920లో, కార్పొరేషన్ ప్రెసిడెంట్ గా ఉన్న పిట్టి త్యాగరాయ చెట్టి గారి హయాంలో. మన తెలుగు దేవాంగుల ఇంటి మనిషే, టి.నగర్ అని మనం పొట్టిగా పిలుచుకునే త్యాగరాయనగర్ ఆయన పేరే. థౌజండ్ లైట్స్ లో ఉన్న కార్పొరేషన్ స్కూల్లో పిల్లలకి ఒక పూట తిండి పెట్టాలి, పిల్లవాడికి రోజుకి అణా మించకూడదు, ఇదీ 1920 సెప్టెంబర్ లో కౌన్సిల్ చేసిన తీర్మానం. తర్వాత ఇంకో నాలుగు స్కూళ్ళకి పెంచారు. ఆ ఐదు స్కూళ్ళలో కలిపి 1922-23లో 811 మంది ఉన్న పిల్లలు 1924-25కల్లా 1671 మంది అయ్యారు. రెండేళ్ళలో రెండింతలు! పేద ఇంట్లో పిల్లాడు స్కూలుకి వెళ్తే ఒక పూట సంపాదన పోతుంది, ఆ పూట అన్నం స్కూల్లో దొరికితే తల్లి పంపిస్తుంది, ఇంత సింపుల్ లెక్క అది.

అంత బాగా నడుస్తున్న పథకం 1925 ఏప్రిల్ లో ఆగిపోయింది. ఎలిమెంటరీ ఎడ్యుకేషన్ ఫండ్ నుంచి తిండికి ఖర్చు పెట్టడానికి వీల్లేదని బ్రిటిష్ ప్రభుత్వం అడ్డు చెప్పింది. అదే నెలలో త్యాగరాయ చెట్టి గారు కూడా పోయారు. ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించండి. మనిషి గొప్పవాడే, ఐడియా గొప్పదే, పని చేస్తోందని అంకెలు కూడా చేతిలో ఉన్నాయి, మీ ఫ్రెండ్స్ ఇద్దరి లెక్క ప్రకారమూ అది నిలవాలి. మరి ఎందుకాగింది? అన్నం పోయిన పిల్లల అమ్మానాన్నలకి అప్పట్లో ఓటు లేదు, ఆస్తి ఉండి పన్ను కట్టేవాళ్ళకే ఓటు. వాళ్ళు వెళ్ళి అడగడానికి ఒక ఆఫీసు గానీ, భయపెట్టడానికి ఒక ఎన్నిక గానీ లేదు. రెండేళ్ళ తర్వాత చిన్నగా మళ్ళీ మొదలైనా అది దయగానే నడిచింది, హక్కుగా కాదు.

1956లో కామరాజ్ గారు ముఖ్యమంత్రిగా రాష్ట్రమంతా పెట్టేసరికి పరిస్థితి మారిపోయింది, అందరికీ ఓటు వచ్చేసింది. 1982 జూలైలో ఎంజీఆర్ గారు పెద్ద ఎత్తున సత్తుణవు (పోషకాహార భోజనం) పథకం పెట్టినప్పుడు ఇంకో ముఖ్యమైన పని జరిగింది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. వంటమనిషి, సహాయకురాలు, ఆర్గనైజర్ అని ప్రతి సెంటర్ కి ఉద్యోగాలు పెట్టి భర్త పోయినవాళ్ళకీ, దిక్కులేని ఆడవాళ్ళకీ ప్రాధాన్యం ఇచ్చారు. అంటే అన్నం ఆగితే పిల్లాడి తల్లి ఒక్కతే కాదు, వండే మనిషి కూడా రోడ్డు మీదకి వస్తుంది, యూనియన్ వస్తుంది. ఖర్చు ఎక్కువైపోతోందని అప్పుడు పెదవి విరిచినవాళ్ళు చాలామందే ఉన్నారు, అయినా తర్వాత వచ్చిన ఏ ప్రభుత్వమూ ఆపలేదు సరికదా ఒకరి తర్వాత ఒకరు గుడ్డు కలుపుతూ, రకాలు పెంచుతూ పోయారు. తర్వాత 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు దేశంలో ప్రతి ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రైమరీ స్కూల్లో వండిన భోజనం పెట్టాల్సిందేనని ఆర్డరిచ్చింది, కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల ప్రోటీన్, ఏడాదికి కనీసం 200 రోజులు అని అంకెలతో సహా. 2013 ఆహార భద్రత చట్టంతో అది చట్టంలోకే ఎక్కింది. ఇప్పుడు అనకాపల్లిలోనో ఆదిలాబాద్ లోనో ఒక తల్లి "ఇవాళ గుడ్డు ఎందుకు పెట్టలేదు" అని హెడ్మాస్టర్ ని నిలదీస్తోందంటే, ఆ నిలదీతే ఆ పథకాన్ని నిలబెడుతోంది. ఆమెకి త్యాగరాయ చెట్టి ఎవరో తెలీదు, తెలియాల్సిన అవసరం కూడా లేదు.

ఇందులో కొత్త ఐడియా ఏదైనా ఉందా అంటే నిజానికి చాలా పాతది. మన వైపు పేద పిల్లలు వారాలు చేసుకుని చదువుకోవడం తరతరాలుగా ఉన్నదే, సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో భోజనం. ఎంతమంది పెద్ద పండితులు, లాయర్లు, టీచర్లు వారాల అన్నం తిని పైకొచ్చారో మీ తాతగారి తరం వాళ్ళని అడిగితే చెప్తారు. కానీ వారం ఇవ్వడం ఆ ఇల్లాలి మంచితనం. ఆమెకి ఒంట్లో బాగాలేకపోతే ఆ పూట పస్తే, పిల్లాడు వెళ్ళి "నా వారం ఏది" అని అడగలేడు. పైగా ఆ వారం ఏ కులం పిల్లాడికి దొరికేదో, ఎవరికి గడప కూడా దాటనిచ్చేవాళ్ళు కాదో మీకు తెలుసు. 1920లో కొత్తదనం అన్నం పెట్టడంలో లేదు, ఆ అన్నం కార్పొరేషన్ పద్దులోకి ఎక్కడంలో ఉంది. తలకి అణా అని రాసుకున్నారు కాబట్టే తర్వాతవాళ్ళకి పట్టుకోవడానికి ఒక కొస దొరికింది. లెక్కల మనిషిని కాబట్టి ఇలా అంటున్నాననుకోకండి, పద్దులోకి ఎక్కని మంచితనం ఆ చేసిన మనిషి ఆయుష్షు దాటడం నేను చాలా తక్కువ చూశాను.

ఇక ట్రస్టుల సంగతికొద్దాం, మీ అసలు ప్లాన్ అదే కదా.

పచ్చయప్ప కాలేజీ పేరు చెన్నైలో వినని వాళ్ళుండరు. పచ్చయప్ప ముదలియార్ గారు దుబాషీ, అంటే దొరలకీ మనవాళ్ళకీ మధ్య వ్యవహారాలు నడిపే మనిషి, బాగా సంపాదించి వీలునామా రాసి 1794లో పోయారు. ఆ డబ్బుతో స్కూలు తెరిచింది 1842లో. మధ్యలో దాదాపు యాభై ఏళ్ళు! వీలునామాలో ఆయన ముఖ్యంగా రాసింది గుళ్ళూ దానధర్మాల గురించి, డబ్బు చేతులు మారింది, ఖర్చు కావాల్సిన చోట కాలేదు, తగాదాలు కోర్టుకెక్కాయి. ఆఖరికి అడ్వకేట్ జనరల్ గా, అంటే ప్రభుత్వం తరఫు పెద్ద లాయర్ గా ఉన్న జార్జ్ నార్టన్ గట్టిగా పట్టుకుని కూర్చుంటే కోర్టు స్కీము వేసింది, గుళ్ళకి ఇవ్వాల్సింది ఇచ్చి మిగులు చదువుకి పెట్టమంది. ఇవాళ ఆ కాలేజీలో చదువుకున్నవాళ్ళకి నార్టన్ పేరు తెలీదు, కానీ ఆ పరాయి లాయర్ పూనుకోకపోతే పచ్చయప్ప పేరు కూడా ఒక పాత వీలునామాలో ఉండిపోయేది.

ఇప్పటి చట్టం కూడా అదే చెప్తుంది చూడండి. పబ్లిక్ ట్రస్ట్ దారి తప్పితే సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 92 కింద కోర్టుకి వెళ్ళాలి. వెళ్ళాల్సింది అడ్వకేట్ జనరల్, లేదంటే ఆ ట్రస్టుతో సంబంధం ఉన్న కనీసం ఇద్దరు మనుషులు కోర్టు పర్మిషన్ తీసుకుని. కోటి రూపాయల ఆస్తి ఉన్నా, మేలిమి ఆశయం ఉన్నా, పట్టించుకునే ఆ ఇద్దరు లేకపోతే ఏదీ కదలదు.

కదలనిది ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూశాను. ఉత్తర చెన్నైలో ఒక పాత తెలుగు ట్రస్ట్, పేరు వద్దు. పెట్టిన పెద్దాయన వ్యాపారి. వేసవిలో హార్బర్ కి సరుకు తోలే ఎడ్లబండ్ల వాళ్ళకి మజ్జిగ పొయ్యాలి, ఎడ్లకి తొట్టిలో నీళ్ళు పెట్టాలి, దాని ఖర్చుకి రెండు షాపుల అద్దె. డీడ్ (ట్రస్ట్ పత్రం) కాగితాలు పసుపుపచ్చగా అయిపోయాయి, మడతల దగ్గర చిరిగి వెనకాల గాజుగుడ్డ అంటించారు, అక్షరాలు మాత్రం ముత్యాల్లా ఉంటాయి. ఏ నెల నుంచి ఏ నెల వరకు, మజ్జిగలో అల్లం, కరివేపాకు, ఉప్పు వెయ్యాలని, ఎంగిలి గ్లాసు కాకుండా ఎత్తి పొయ్యాలని, ఎడ్ల తొట్టి రోజూ కడగాలని ఎంత శ్రద్ధగా రాయించుకున్నాడో ఆ మహానుభావుడు. చదువుతుంటే ఆయన ఆ ఎండలో నిలబడి ఆ బండ్లవాళ్ళని చూసుంటాడని తెలిసిపోతుంది. తర్వాత ఎడ్లబండ్లు పోయాయి, లారీలొచ్చాయి. డీడ్ లో ఉన్నది ఎడ్లబండ్లు. ట్రస్టీలు నిజాయితీపరులే, రూపాయి తినలేదు, కానీ డీడ్ దాటి ఖర్చు పెడితే ఏమవుతుందో అన్న భయం. అదే రోడ్డు మీద అదే ఎండలో లారీ డ్రైవర్లు, లోడింగ్ వాళ్ళు గంటలు గంటలు క్యూలో నిలబడతారు, వాళ్ళకి అలాంటి ట్రస్ట్ ఒకటుందనే తెలీదు. అద్దె వస్తోంది, ఎఫ్‌డీ వేస్తున్నారు, గడువు తీరగానే మళ్ళీ వేస్తున్నారు. కోర్టుని అడిగితే ఆ ఆశయానికి దగ్గరగా ఉన్న ఇంకో పనికి మార్చుకునే దారి ఆ 92లోనే ఉంది. అడిగే ఇద్దరు లేరు. ఆయన ఔదార్యంలో ఏ లోపమూ లేదు, మజ్జిగ తాగేవాళ్ళకి ఆ కాగితంలో చోటు లేకపోవడమే లోపం.

గాజుల లక్ష్మీనరసు చెట్టి గారి గురించి మీరు వినుండకపోవచ్చు. మన తెలుగువాళ్ళకి తెలియాల్సినంత తెలీదని నాకు చాలా బాధ. మద్రాసు వ్యాపారి, 1844లో క్రెసెంట్ అనే ఇంగ్లీష్ పేపర్ పెట్టారు, 1852లో మద్రాస్ నేటివ్ అసోసియేషన్. అప్పట్లో శిస్తు కట్టలేని రైతుల్ని రెవెన్యూ కిందిస్థాయి ఉద్యోగులు చిత్రహింసలు పెట్టేవాళ్ళు. తల కాళ్ళకి ఆనేలా వంచి కట్టేసి ఎండలో ఉంచడం, వేళ్ళు చెక్కల మధ్య పెట్టి నొక్కడం, ఇలాంటివి. అందరికీ తెలుసు, ఎవరూ కాగితం మీద పెట్టలేదు. ఈయన బ్రిటిష్ పార్లమెంటుకే అర్జీలు పంపించారు, ఒక ఎంపీ ఇక్కడికొస్తే జిల్లాల పరిస్థితి చూపించారు. టార్చర్ కమిషన్ వేశారు, 1855లో రిపోర్ట్ వచ్చింది, హింస జరుగుతున్న మాట నిజమేనని ఒప్పుకుంది. రెవెన్యూ, పోలీసు పనులు ఒకే చేతిలో ఉండటం అసలు సమస్య అని తేలి 1859లో మద్రాసు పోలీస్ చట్టంతో రెండింటినీ విడదీశారు.

లక్ష్మీనరసు గారు తన ఆస్తంతా ఇందులో పెట్టేసి 1868లో పోయారు. పేపర్ పోయింది, అసోసియేషన్ కూడా చప్పబడిపోయింది. పేరు నిలవడమే కొలత అయితే ఆయన ఓడిపోయినట్టే. కానీ శిస్తు వసూలు చేసేవాడి చేతిలో లాఠీ ఉండకూడదన్నది అక్కడ మొదలైంది, దాన్ని మళ్ళీ వెనక్కి తిప్పలేదు. ఇంకా పెద్దది ఏంటంటే మద్రాసు జనం కలిసి సంతకాలు పెట్టి ప్రభుత్వాన్ని ప్రశ్నించొచ్చన్నది ఒకసారి చేసి చూపించారు, 1884లో మద్రాస్ మహాజన సభ పెట్టినవాళ్ళు అదే దారిలో నడిచారు.

సంస్థ నిలవడం వేరు, పని నిలవడం వేరు అని దీంతో మీకు అర్థమయ్యే ఉంటుంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి విషయంలో ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు, 1908లో అక్కడే ఆంధ్రపత్రిక వీక్లీగా, 1914లో మద్రాసు తెచ్చి డైలీ చేశారు, 1924లో భారతి. తలనొప్పి మందులో వచ్చిన లాభం తెచ్చి పేపర్లో పోసేవారు, ఆయన మనసంతా పత్రిక మీదే. ఇవాళ ఆంధ్రపత్రిక లేదు, భారతి లేదు, అమృతాంజనం సీసా మాత్రం ప్రతి ఇంట్లో ఉంది. అయితే పత్రిక ఓడిందా? మైలాపూర్ లో ఆయన ఇల్లు శ్రీబాగ్ లో 1937లో కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చుని ఒప్పందం చేసుకున్నారు, 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. తెలుగువాళ్ళకి ప్రత్యేక రాష్ట్రం అన్న ఆలోచనని రోజూ తెలుగు ఇళ్ళ అరుగుల మీదకి చేర్చింది ఆ పత్రికే. భారతి పాత సంచికలు స్కాన్ అయ్యి నెట్ లో దొరుకుతున్నాయి, తెలుగులో రీసెర్చ్ చేసేవాళ్ళు ఇప్పటికీ వాటిలో తవ్వుకుంటూనే ఉన్నారు. లజ్ దగ్గర నాగేశ్వరరావు పార్కులో పొద్దున్నే నడిచేవాళ్ళలో సగం మందికి ఆయనెవరో తెలీదు, పార్కు గేటు మూసేస్తే మాత్రం ఆ సగం మందీ వెళ్ళి కార్పొరేషన్ ని అడుగుతారు.

బ్రౌన్ దొర గారి గురించి అందరికీ తెలుసు కాబట్టి కొంచెమే చెప్తా. తాటాకులు, కాగితపు ప్రతులు సేకరించడం ఒక ఎత్తు, వాటిని పండితుల దగ్గర కూర్చోబెట్టి నాలుగైదు ప్రతులు పోల్చి, తప్పులు దిద్ది, శుద్ధ ప్రతి రాయించడం ఇంకో ఎత్తు, సొంత జీతంలోంచి, చాలక అప్పులు చేసి. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైత బ్రహ్మయ్య లాంటి పండితుల చేతులు అందులో ఉన్నాయి, వాళ్ళ పేర్లు కూడా మనం తలుచుకోవాలి. ఆ ప్రతులు ఇక్కడ చెన్నైలో ఓరియంటల్ మాన్యుస్క్రిప్ట్స్ లైబ్రరీలో ఉన్నాయి, తాటాకు ఎండి విరగకుండా నూనె పట్టించి, దుమ్ము దులిపి చూసుకునే మనిషి ఉన్నన్నాళ్ళే అవి ఉంటాయి. నిఘంటువు సంగతి అలా కాదు. 1852లో అచ్చయిన ఆ డిక్షనరీ రీప్రింట్ల మీద రీప్రింట్లు అయ్యి ఇప్పుడు నెట్లో ఉంది, మాట అర్థం తెలీని ప్రతి పిల్లాడూ దాన్ని వెతుక్కుంటున్నాడు, ఆ సైట్ ఒక్కరోజు డౌన్ అయితే ట్రాన్స్‌లేటర్లు గోల పెడతారు. ఒకే మనిషి శ్రమ, ఒకటి కాపలా మీద బతుకుతోంది, ఇంకొకటి వాడకం మీద బతుకుతోంది.

గిడుగు రామమూర్తి గారిది నాకు ఇంకా ఇష్టం. మనం ఇలా మాట్లాడే భాషలో రాసుకోవడం ఆయన పుణ్యమే. 1910ల్లో వాడుక భాష కోసం ఎంత పోరాడినా స్కూల్ రాతల్లో గ్రాంథికం పక్షమే గెలిచింది. ఎదుటి పక్షం కూడా తక్కువ వాళ్ళు కాదు, జయంతి రామయ్య పంతులు గారు, 1911లో మద్రాసులోనే పెట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు, వాళ్ళు మొదలుపెట్టిన సూర్యరాయాంధ్ర నిఘంటువు లేకుండా ఇవాళ పాత కావ్యం ఒక్క పేజీ కూడా చదవలేం. అంటే వాదంలో ఓడినవాళ్ళ పని కూడా నిలిచింది, ఎందుకంటే అది కావాల్సినవాళ్ళు ఉన్నారు. కానీ జనం పేపర్ చదవాలి, కథ చదవాలి, ఉత్తరం రాసుకోవాలి, వాళ్ళకి వాడుక భాష కావాలి. పర్లాకిమిడిలో గిడుగు గారి దగ్గర చదువుకున్న తాపీ ధర్మారావు గారు మద్రాసులో జనవాణి పత్రికని వ్యావహారికంలో నడిపారు. గవర్నమెంట్ ఆర్డర్ తో కాదు, అలా ఒక్కొక్కరూ రాసుకుంటూ పోవడంతో గిడుగు గారి మాట గెలిచింది. ఆయన 1940లో మద్రాసులోనే పోయారు. సవర గిరిజనుల భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకి సవరలోనే చదువు చెప్పించడానికి పుస్తకాలు రాసిన మనిషి కూడా ఆయనే. మీ షెడ్లలో పిల్లలు శ్రీకాకుళం జిల్లా వాళ్ళంటున్నారు కదా, వాళ్ళలో సవర ఇళ్ళ పిల్లలు ఉన్నారేమో ఒకసారి చూసుకోండి, ఉంటే వాళ్ళకి తెలుగు కూడా రెండో భాషే.

యల్లాప్రగడ సుబ్బారావు గారిని కూడా చెప్పాలి. మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివి, 1922లో అమెరికా వెళ్ళి 1948లో అక్కడే పోయారు. ఆయన టీమ్ నుంచి వచ్చిన డీఈసీ మాత్రని బోదకాలు రాకుండా మన పల్లెల్లో ఇప్పటికీ ఇంటింటికీ తిరిగి మింగిస్తున్నారు. ఆశా వర్కర్ ఆ మాత్ర ఇచ్చేటప్పుడు ఎవరూ ఆయన పేరు తలవరు. మాత్ర పని చేస్తుంది, అంతే చాలు.

అన్నట్టు నిలిచినవన్నీ మంచివేం కావు. గుడి వీధిలో ఎవరు నడవకూడదు, బావిలో ఎవరు చేద వెయ్యకూడదు అన్నవి వందల ఏళ్ళు నిలిచాయి, వాటిని తప్పితే అడిగేవాళ్ళు కర్రలు పట్టుకుని మరీ ఉండేవాళ్ళు. కాబట్టి నిలవడం అన్నది దానంతట అది గొప్ప కాదు, ఎవరి చేతిలో అడిగే బలం పెడుతున్నాం అన్నది చూసుకోవాలి. ఈ విషయంలో నాకు అందరికంటే దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి పద్ధతి నచ్చుతుంది. చిన్నప్పుడే పెళ్ళి చేసేశారు, పెద్దయ్యాక అందులోంచి బయటికొచ్చి తానే ప్రైవేటుగా చదువుకున్నారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్ళని బెనారస్ మెట్రిక్ పరీక్షకి తయారు చేయించారు. పెళ్ళై పిల్లలున్నవాళ్ళు, భర్త పోయి పుట్టింట్లో ఉన్నవాళ్ళు, అన్నేళ్ళ స్కూలు చదువు ఎలా చదువుతారు, రెండేళ్ళలో కుదించి చెప్పాలి. ఆ అనుభవమే తర్వాత ఆవిడ కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు అధ్యక్షురాలిగా ఉన్నప్పుడు 1958లో దేశం మొత్తానికి కండెన్స్‌డ్ కోర్సులుగా మారింది. అందులో చదివినవాళ్ళు టీచర్లు, నర్సులు, గ్రామసేవికలు అయ్యారు. ఆవిడ ఎవరికీ అన్నం పొట్లం ఇచ్చి పంపలేదు, రేపు ఆఫీసులో బల్ల ముందు నిలబడి ఇంకో ఆడమనిషి తరఫున అడగగల మనుషుల్ని తయారు చేశారు.

ఇక మీ సంగతి. నా సలహా సూటిగా చెప్తున్నా, నచ్చకపోయినా ఆలోచించండి.

ట్రస్ట్ వద్దు, సొసైటీ పెట్టండి. ట్రస్టులో ట్రస్టీలు మీరు నలుగురే, మీ నలుగురిలో ఇద్దరికి ఆన్‌సైట్ వస్తే మిగిలిన ఇద్దరూ వాట్సాప్ లో సంతకాలు పెట్టుకుంటారు, అడిగేవాడు లేడు. తమిళనాడు సొసైటీల చట్టం 1975 కింద అయితే కనీసం ఏడుగురు సభ్యులుండాలి, ఏటా జనరల్ బాడీ పెట్టాలి, లెక్కలు రిజిస్ట్రార్ కి ఇవ్వాలి. ఆ ఏడుగురిలో కనీసం ఇద్దరు ఆ షెడ్లలో ఉండే తల్లులై ఉండాలని నేనంటాను. చదువు రాకపోతే ఏం, వేలిముద్ర వేస్తారు. వాళ్ళు సైట్ మారిపోతారు కదా అంటారు, మారనివ్వండి, కొత్త సైట్ లో ఇంకొకరు వస్తారు, మీ బైలాస్ (సొసైటీ నియమాలు) లో ఆ చోటు పేరెంట్స్ కి అని రాసి ఉంచితే చాలు. మేస్త్రీ గానీ లేబర్ కాంట్రాక్టర్ గానీ ఆ చోట్లో కూర్చోకుండా చూసుకోండి, వాళ్ళ ముందు ఆ తల్లులు నోరు తెరవరు.

ఆబ్జెక్ట్స్, అంటే సొసైటీ ఆశయాలు, రాసేటప్పుడు "ఓఎమ్ఆర్ సైట్ల పిల్లలకి ఆదివారం ట్యూషన్" అని రాయకండి, ఆ మజ్జిగ ట్రస్ట్ గుర్తు పెట్టుకోండి. వలస వచ్చిన కార్మికుల పిల్లల చదువు అని విశాలంగా రాయండి. మీ తాతగారి పేరు పెట్టుకోండి, అది మీ ప్రేమ, అందులో తప్పేముంది, కానీ ఆయన పేరు మీద బిల్డింగ్ కట్టడం మాత్రం ఇప్పుడే వద్దు. బిల్డింగ్ వచ్చాక పని పక్కకెళ్ళి బిల్డింగ్ మెయింటెనెన్స్ ముందుకొస్తుంది, ఇది చాలా ఫైళ్ళలో చూశాను. ఆదాయపు పన్ను మినహాయింపు కోసం చేసే రిజిస్ట్రేషన్లు తర్వాత మెల్లగా చూసుకోవచ్చు, తొందరేం లేదు.

ఆదివారం క్లాసులో ఒక గంట తగ్గించి, ఆ గంట తల్లిదండ్రులతో కూర్చోండి. విద్యాహక్కు చట్టం ప్రకారం పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదని పిల్లాణ్ణి తిప్పి పంపకూడదు, ఏడాది మధ్యలో వచ్చాడని కూడా పంపకూడదు, టీసీ లేటైందని చేర్చుకోవడం ఆపకూడదు. ఈ మూడు మాటలు తెలుగులో ఒకవైపు, తమిళంలో ఒకవైపు అచ్చు వేసి ప్రతి తల్లి చేతిలో పెట్టండి. ఆవిడ ఆ కాగితం పట్టుకుని పక్కనున్న కార్పొరేషన్ స్కూలుకో పంచాయతీ యూనియన్ స్కూలుకో వెళ్ళేటప్పుడు మీరు మొదటిసారి తోడు వెళ్ళండి. రెండోసారి గేటు బయటే ఉండండి. మూడోసారి వెళ్ళకండి. ఆ పిల్లలు రోజూ బడికి వెళ్ళి, మధ్యాహ్నం అక్కడే అన్నం తిని, సాయంత్రం మీ దగ్గరికి తెలుగు చదవడానికి వస్తే, మీ ఆదివారం పని చిన్నదైపోయినట్టు అనిపిస్తుంది, దాని గురించి బాధపడకండి.

రిజిస్ట్రేషన్ కి వెళ్ళేముందు ఒక పని చెయ్యండి. వచ్చే నెలలో ఏదో ఒక ఆదివారం మీ నలుగురిలో ఎవరూ వెళ్ళకండి, ముందు చెప్పకండి. సాయంత్రం లోపు షెడ్ల నుంచి ఒక్క ఫోన్ అయినా వస్తే, "ఏంటి సార్ ఇవాళ రాలేదు, పిల్లలు కూర్చునున్నారు" అని ఒక్కరైనా అడిగితే, సోమవారమే సొసైటీ కాగితాలు మొదలుపెట్టండి, ఫోన్ చేసిన ఆ మనిషిని మొదటి సభ్యురాలిగా రాయండి. ఎవరూ చెయ్యకపోతే ఇంకో ఆర్నెల్లు రిజిస్ట్రేషన్ మాట పక్కన పెట్టి, క్లాసుల కంటే ఆ షెడ్లలో మనుషులతో కూర్చోవడానికే ఎక్కువ టైం పెట్టండి. బైలాస్ డ్రాఫ్ట్ అయ్యాక ఆబ్జెక్ట్స్ పేజీ, మెంబర్‌షిప్ పేజీ రెండూ పెట్టండి, చదివి ఎక్కడ మార్చాలో చెప్తాను.